పట్టుదల పాఠం చెప్పే ముందు: కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల పాలకులకు బహిరంగ లేఖ



దెబ్బతిన్న మనిషి మళ్లీ లేచి తన పనిలో పడగలగడాన్ని మనస్తత్వ శాస్త్రం మానసిక స్థైర్యం అంటుంది. కష్టం ఎదురైనా ఎంచుకున్న గమ్యాన్ని వదలకపోవడం లక్ష్యనిబద్ధత. ఈ రెండూ నేటి విద్యార్థుల్లో లేవన్న మాట ఫ్రెషర్స్ డే మొదలు స్నాతకోత్సవం దాకా ఉన్నత విద్య వేదికల మీద వినిపిస్తూనే ఉంది. ఈ తరానికి ఓర్పు తక్కువట, చిన్న మాటకే కుంగిపోతారట, ఫోను తప్ప మరో ధ్యాస లేదట. ఆ మాటను ఒప్పుకోవడం కుదరదు. అది నిజం కాకపోవడం ఒక కారణం. ఆ మాట చాటున విశ్వవిద్యాలయం తన బాధ్యతను దాచుకోవడం అంతకంటే పెద్ద కారణం.

ఓర్పు లేదని మీరంటున్నది ఎవరిని? 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతానికి చేరలేదు. ఆడవాళ్లలో సగం మందికి కూడా చదువు రాలేదు. నేడు మీ తరగతి గదుల్లో కూర్చున్న పిల్లల్లో చాలామంది ఆ తల్లుల బిడ్డలే. ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన తొలి మనిషి తామే అయినవాళ్లు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆలూరు వైపు ఊళ్లలో పంట చేతికి రాని ఏడాది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరప కోతలకు సుగ్గి (పనుల వలస) పోతాయి. ఇంటి దగ్గర మిగిలేది అవ్వ, తాత, ఇద్దరు ముగ్గురు పిల్లలు, వాళ్లను చూసుకునే డిగ్రీ కుర్రాడు. అన్నం వండి, చెల్లెలిని బడికి పంపి, మొదటి బస్సు పట్టుకుని ఆదోనికో కర్నూలుకో వచ్చి మొదటి పీరియడ్‌లో కూర్చునే పిల్లవాడికి స్థైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఎంత ధైర్యం కావాలి? కడప జిల్లాలో 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువ పల్లెల్లో ఇళ్లూ పొలాలూ కొట్టుకుపోయాయి. అక్కడి పిల్లలకు మళ్లీ పుస్తకం పట్టడం కంటే ముందు మళ్లీ ఇల్లు నిలబెట్టడం తెలుసు. ఓర్పు సీమలో దండిగానే ఉంది. దాన్ని చదువు వైపు తిప్పే ఏర్పాటు మీ దగ్గర ఉందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

స్థైర్యం ఎక్కడ నుంచి పుడుతుందో పరిశోధకులు కొన్ని దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. ఆ అధ్యయనాల్లో పెద్ద పేరున్నది అమెరికా మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ హవాయిలోని కవాయి దీవిలో చేసిన అధ్యయనం. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఆమె బృందం నడివయసు దాకా అనుసరించింది. పేదరికం, తల్లిదండ్రుల జబ్బులు, ఇంట్లో కలహాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది సమర్థులైన, నిబ్బరమున్న పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో తరచూ కనిపించిన సంగతి ఒకటుంది. తమను పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒక్కరైనా వాళ్లకు దొరికారు. ఆ మనిషి అవ్వ కావచ్చు, పొరుగువారు కావచ్చు, చాలాసార్లు బడిపంతులు. 2001లో మనస్తత్వవేత్త ఆన్ మాస్టెన్ ఇలాంటి అధ్యయనాలన్నిటినీ పరిశీలించి, స్థైర్యం అసాధారణ మనుషుల సొత్తు కాదని, మామూలు అండదండలు సరిగ్గా పనిచేస్తే ఎవరిలోనైనా పుట్టేదేనని తేల్చారు. ఇప్పుడు మీ విశ్వవిద్యాలయం వైపు తిరిగి చూడండి. అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, ఆ స్థానంలో ఉన్న అకడమిక్ కన్సల్టెంటుకు వచ్చే ఏడాది తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకపోతే, విద్యార్థి పేరూ ఊరూ ఇంటి సంగతీ తెలిసిన ఆ ఒక్క పెద్దమనిషి ఎవరు కావాలి?

లక్ష్యనిబద్ధత గురించి ఉన్నత విద్యలో ఎక్కువగా చెప్పుకునే సిద్ధాంతం విన్సెంట్ టింటోది. విద్యార్థులు చదువు మధ్యలో ఎందుకు మానేస్తారన్న ప్రశ్నకు 1975లో ఆయన ఇచ్చిన జవాబులో రెండు నిబద్ధతలు ఉన్నాయి. డిగ్రీ పూర్తి చేయాలన్న లక్ష్యం మీద నిబద్ధత ఒకటి, చదువుతున్న సంస్థ మీద నిబద్ధత మరొకటి. విద్యార్థి ఇంటి నుంచి తెచ్చుకున్న పట్టుదల ఎంతైనా, తరగతి గదిలోనూ క్యాంపస్ జీవితంలోనూ అతనికి ఎదురయ్యే అనుభవమే దాన్ని పెంచుతుంది లేదా తుంచుతుంది. ఈ సిద్ధాంతం మీద తర్వాత విమర్శలు వచ్చాయి. రోజూ ఇంటి నుంచి వచ్చిపోయే విద్యార్థులకూ అణగారిన వర్గాల పిల్లలకూ అది అచ్చంగా సరిపోదన్నారు. టింటో కూడా దాన్ని సవరించుకుంటూ వచ్చారు. అయినా మూల విషయం చెక్కుచెదరలేదు. పిల్లవాడు చదువు వదిలేశాడంటే విచారణ పిల్లవాడితో మొదలై పిల్లవాడితోనే ముగియకూడదు.

ముందుగా పరీక్షల విభాగం సంగతి. లక్ష్యాల మీద ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధన చెప్పేదేమిటంటే, స్పష్టమైన కష్టతరమైన లక్ష్యం మనిషిని ముందుకు నడిపిస్తుంది, అయితే తను ఎంతవరకు వచ్చాడో ఎప్పటికప్పుడు తెలియాలి. ఆ సమాచారం లేకపోతే లక్ష్యం పట్టు సడలుతుంది. విశ్వవిద్యాలయంలో ఆ సమాచారం పేరు సెమిస్టర్ ఫలితం. మూడో సెమ్ ఫలితం నాలుగో సెమ్ పరీక్షల ముందు దాకా రాకపోతే, ఏ పేపరు పోయిందో తెలియని పిల్లవాడు దేనికి చదవాలి? రీవాల్యుయేషన్ ఫలితం కంటే ముందే సప్లిమెంటరీ ఫీజు గడువు ముగిస్తే, పాసయ్యే పేపరుకు కూడా డబ్బు కట్టించుకున్నట్టు కాదా? ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రాకముందే ఉద్యోగ దరఖాస్తు గడువు దాటిపోతే అది ఎవరి నిబద్ధతా లోపం?

ఇది దయాదాక్షిణ్యాల విషయం కూడా కాదు. 2023 ఏప్రిల్‌లో యూజీసీ విడుదల చేసిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు, అకడమిక్ క్యాలెండర్‌లో చెప్పిన తేదీ దాటి పరీక్షలు జరిగినా ఫలితాలు వచ్చినా దాన్ని విద్యార్థి ఫిర్యాదు చేయదగిన అంశంగా గుర్తించాయి. ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం దొరక్కపోతే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి పోవచ్చు. అర్హత సాధించిన 180 రోజుల్లోపు డిగ్రీ ప్రదానం జరగాలన్న నిబంధన 2008 నుంచీ ఉంది. మీ అంబుడ్స్‌పర్సన్ ఎవరో మీ విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? విద్యార్థి లక్ష్యానికి కట్టుబడాలని కోరే సంస్థ ముందుగా తన క్యాలెండర్‌కు కట్టుబడాలి.

తర్వాతిది డబ్బు. అన్నిటికంటే ఎక్కువ మంది కుంగేది ఇక్కడే. 2013లో సైన్స్ పత్రికలో ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో ఒక పరిశోధన ప్రచురించారు. పొరుగున తమిళనాడులో చెరకు రైతులకు కోతకు ముందు చేతిలో డబ్బు లేని రోజుల్లోనూ, కోత తర్వాత డబ్బు వచ్చిన రోజుల్లోనూ అవే రకం మానసిక పరీక్షలు పెట్టారు. అదే రైతు కోతకు ముందు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. మనిషి మారలేదు, తెలివి మారలేదు. డబ్బు చింత బుర్రలో చోటు ఆక్రమించుకుంది, అంతే. ఈ ఫలితం ఎంత బలమైనదన్న చర్చ పరిశోధకుల మధ్య ఉంది. కానీ సీమ రైతు ఇంట్లో పెరిగిన ఎవరికీ ఇది కొత్త విషయంగా తోచదు.

కర్నూలు, కడప జిల్లాల్లో వానాకాలపు సేద్యం డబ్బు ఇంటికి వచ్చేది బుడ్డలు (వేరుశనగ) పీకి, పత్తి తీసి అమ్మిన తర్వాత. అంటే అక్టోబరు నుంచి సంక్రాంతి దాటేదాకా. శనగ వేసినవాళ్లకైతే ఇంకా ఆలస్యం. విత్తనాలకూ ఎరువులకూ అప్పు చేసే జూన్, జులై నెలల్లోనే అడ్మిషన్ ఫీజు, హాస్టల్ డిపాజిట్, పుస్తకాలు వచ్చి పడతాయి. మెస్ బిల్లు నెలనెలా ఉండనే ఉంటుంది. ఈ రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి ఏ పాలకమండలి సమావేశంలోనైనా చూశారా? ఫీజులో కొంత భాగాన్ని పంట చేతికొచ్చే నెలలకు వాయిదా వేస్తే విశ్వవిద్యాలయం మునిగిపోదు. ఉల్లి ధర పడిపోయిన ఏడాది ఆ వెసులుబాటు ఒక చదువును నిలబెడుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము కొంతకాలం కళాశాల ఖాతాకు, తర్వాత తల్లి ఖాతాకు, 2024 చివరి నుంచి మళ్లీ కళాశాల ఖాతాకు అంటూ దారి మార్చుకుంటూ వచ్చింది. దారి ఏదైనా బకాయి పడితే ఒత్తిడి పడేది విద్యార్థి మీదే. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు విద్యార్థి హాల్ టికెట్ ఆపడం, టీసీ ఇవ్వకపోవడం ఏ న్యాయం? ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే ఆదేశించింది. అనుబంధ కళాశాల ఆ ఆదేశాన్ని మీరితే గుర్తింపు ఇచ్చిన విశ్వవిద్యాలయం చూస్తూ ఊరుకోవచ్చా?

చదువు మధ్యలో ఆగిన పిల్లల విషయంలో మీ చేతికి ఒక మంచి సాధనం వచ్చింది. దాన్ని వాడుతున్నట్టు మాత్రం కనిపించదు. 2020 జాతీయ విద్యా విధానం ఏడాది పూర్తిచేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ అంటూ మధ్యలో దిగే దారులు తెరిచింది. 2021 జులై నాటి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల ప్రకారం, సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ల దాకా చెల్లుతాయి. తండ్రి బోరు ఎండిపోయి రెండో ఏడాది చదువు మానేసి బెంగళూరులో పనికి పోయిన పిల్లవాడు మూడేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చన్నమాట. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పాలి? మానేసిన విద్యార్థికి ఫోన్ చేసి, నీ క్రెడిట్లు భద్రంగా ఉన్నాయి, ఎప్పుడు వస్తావని అడిగే పని మీ ఏ సెక్షన్‌కు అప్పగించారు? ప్రస్తుతానికి అలాంటి కుటుంబాల పిల్లలకు విశ్వవిద్యాలయం నుంచి తరచూ అందే కబురు ఒక్కటే, 75 శాతం హాజరు లేదు, కండోనేషన్ ఫీజు కట్టమని. సుగ్గి కాలంలో ఇంటి బరువు మోస్తూ తగ్గిన హాజరుకూ, సినిమాకు పోయి తగ్గిన హాజరుకూ తేడా తెలుసుకునే ఏర్పాటు లేకపోవడం చదువుల సంస్థకు శోభనిచ్చేది కాదు.

భాష గురించి ఒక మాట. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువులు ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి మొదటి సెమ్‌లో ఇంగ్లిష్ పాఠం అర్థంకాక ఫెయిలైన పిల్లవాడు తనకు తెలివి లేదనుకుంటాడు. మొదటి సెమిస్టర్‌లోనే బ్రిడ్జి కోర్సు పెట్టి, కాగితం మీద కాకుండా నిజంగా నడిపితే ఆ అపోహ చాలామందిలో పుట్టనే పుట్టదు.

వీటన్నిటికీ మారుగా విశ్వవిద్యాలయాలు ఏం చేస్తున్నాయి? వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు పెట్టిస్తున్నాయి. పేద ఇంట్లో పుట్టి కలెక్టరైన వ్యక్తిని తెచ్చి వేదికెక్కిస్తున్నాయి. ఇది వజ్రాల వేట లాంటిది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వందలమంది వెతుకుతారు. ఎప్పుడో ఒకరికి దొరుకుతుంది, ఆ కథ ఊళ్లన్నీ తిరుగుతుంది. దొరకనివాళ్ల కూలీ ఎంత పోయిందో ఎవరూ లెక్క రాయరు. విజేతల ఉపన్యాసాలదీ అదే పద్ధతి. మనస్తత్వవేత్త ఏంజెలా డక్‌వర్త్ 2007లో పట్టుదలను కొలిచే గ్రిట్ స్కేలుతో పేరు తెచ్చుకున్నాక ఈ ధోరణికి శాస్త్రం ముసుగు కూడా దొరికింది. మార్కస్ క్రెడే తన సహచరులతో కలిసి 2017లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. మనస్తత్వ శాస్త్రానికి ఎప్పటినుంచో తెలిసిన శ్రద్ధాసక్తుల గుణానికీ గ్రిట్‌కూ పెద్దగా తేడా లేదని, చదువులో ఫలితాలతో దానికున్న సంబంధం ఒక మోస్తరుదేనని తేలింది. పట్టుదల అక్కరలేదని దీని అర్థం కాదు. విద్యార్థిలో పట్టుదలను పెంచితే చాలు, తక్కినవన్నీ సర్దుకుంటాయన్న ఊహకు ఆధారం లేదు.

ఉపన్యాసం కంటే చౌకగా దొరికే మంచి పద్ధతి ఒకటుంది. మనస్తత్వవేత్త పీటర్ గాల్విట్జర్ 1999లో వివరించిన పద్ధతిలో విద్యార్థి బాగా చదువుతాను అని ఊరికే అనుకోడు. ఫలానా అడ్డంకి వస్తే ఫలానా పని చేస్తానని ముందే రాసుకుంటాడు. సాయంత్రం కరెంటు పోతే బస్టాండు పక్క లైబ్రరీకి పోతాను, గణితం పేపరు పోతే ఆ వారంలోనే ఫలానా మాస్టారిని కలుస్తాను, ఇలా. 2006లో గాల్విట్జర్, పాస్కల్ షీరన్ 94 అధ్యయనాలను కలిపి చూస్తే ఈ చిన్న అలవాటు లక్ష్యసాధనకు గణనీయంగా తోడ్పడుతుందని తేలింది. ఒక అధ్యాపకుడు ఇరవైమంది విద్యార్థులను దత్తత తీసుకుని సెమిస్టర్‌కు రెండుసార్లు కూర్చోబెడితే ఈ పని జరిగిపోతుంది. కాకపోతే, కరెంటు పోతే పోదామనుకున్న ఆ లైబ్రరీ రాత్రి తెరిచి ఉండాలి.

లక్ష్యాన్ని పట్టుకుని వేలాడడమే ఎప్పుడూ మేలు అనుకోవడమూ పొరపాటే. నంద్యాల, కర్నూలు కోచింగ్ సెంటర్లలో, స్టడీ హాళ్లలో ఏళ్లు గడిపే మీ పూర్వ విద్యార్థులను అడగండి. 2018 డీఎస్సీ తర్వాత తదుపరి పెద్ద నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో వచ్చింది. అది రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. బీఈడీ చదివిన పిల్ల ఆరేళ్లకు పైగా నిబద్ధతతో ఎదురుచూస్తే ఆ నిబద్ధతకు విలువ కట్టేదెవరు? సాధ్యం కాని లక్ష్యాన్ని వదిలి కొత్తదాన్ని ఎంచుకోగలిగినవాళ్ల మానసిక ఆరోగ్యం మెరుగ్గా ఉంటుందని కార్స్టెన్ రాష్, ఆయన సహచరులు 2003లో చూపించారు. గౌరవంగా దారి మార్చుకోవడం కూడా స్థైర్యమే. ఆ దారులేమిటో చూపించాల్సిన ప్లేస్‌మెంట్ సెల్ బోర్డుకే పరిమితమైతే విద్యార్థి ఎవరిని అడగాలి?

అమ్మాయిల సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. ఆ గండం దాటి మీ దాకా వచ్చిన అమ్మాయి ప్రతి సెమిస్టర్ సెలవుల్లోనూ ఇంట్లో ఒక సంబంధాన్ని ఎదుర్కొని తిరిగివస్తుంది. హాస్టల్ గేటు దగ్గర కాపలా పెంచడమే ఆమెకు మీరు చేసే సాయమా? తల్లిదండ్రులతో మాట్లాడే మహిళా అధ్యాపకురాలు ఒకరుంటే, చివరి ఏడాది పెళ్లయినా చదువు కొనసాగించే వీలుంటే, ఆమె పట్టుదల ఫలిస్తుంది.

ఇక మానసిక ఆరోగ్య సేవలు. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. ఈ సమస్యపై 2025 మార్చిలో సుప్రీంకోర్టు జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది. అదే ఏడాది జులై 25న, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులో, చట్టం వచ్చేదాకా దేశమంతటా అమలు కావాల్సిన మార్గదర్శకాలను ప్రకటించింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను, మనస్తత్వ నిపుణుడిని లేదా సామాజిక కార్యకర్తను నియమించుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించాలి. ఆ తీర్పు మన రాష్ట్రం కేసులో వచ్చింది. దాని అమలు మన రాష్ట్రంలోనే మొదలు కావద్దా? కర్నూలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, కడపలోనూ ఉంది. వాటి మానసిక వైద్య విభాగాలతో విశ్వవిద్యాలయాలు రాతపూర్వక ఒప్పందం చేసుకుని, వారానికి ఒకరోజు క్యాంపస్‌లో ఓపీ నడిపించడానికి ఏ బడ్జెట్ అడ్డొస్తోంది? 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ అయిదంకెలు ప్రతి హాస్టల్ గోడ మీద రాయించడానికి టెండరు కూడా అక్కరలేదు.

ఒకప్పుడు ఆదోని, పత్తికొండ పిల్లలకు విశ్వవిద్యాలయమంటే అనంతపురమో తిరుపతో. 2006లో కడపకు యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. వెనుకబడిన సీమకు చదువు దగ్గర కావాలన్న కోరికే వాటికి పునాది. ప్రజల పన్నుల డబ్బుతో నడిచే ఆ సంస్థల పాలకులుగా వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు కొన్ని పనులు చేయండి. పరీక్షల, ఫలితాల తేదీలు ప్రకటించి, తప్పితే కారణం బహిరంగంగా చెప్పండి. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, అంబుడ్స్‌పర్సన్ చిరునామా ప్రతి శాఖ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టండి. ఫీజు వాయిదాలను పంటకాలంతో సరిచూడండి. గత ఏడేళ్లలో చదువు మానేసిన విద్యార్థుల జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయించండి. కౌన్సెలర్‌ను నియమించండి. ఈ పనులు పూర్తయ్యేదాకా స్థైర్యం మీద ఉపన్యాసాలకు అతిథులను పిలవకండి.